మధ్యాహ్నం పూట తలుచుకోకండి

రెల్లుతిప్పలో పొద్దు నడినెత్తికి వచ్చిందంటే నాంచారయ్యని ఎవరూ తలుచుకునేవారు కాదు.

కోడూరు దాటి సముద్రం వైపు వెళ్ళే బస్సుకి ఆ ఊరే ఆఖరి స్టాపు. రెండు వేల సంవత్సరం, నాట్ల కాలం. మధ్యాహ్నమయ్యేసరికి మడుల్లో ఉన్న ఆడవాళ్ళు పాట ఎత్తుకునేవారు, అది అయిపోగానే ఇంకోటి. రొయ్యల చెరువుల కాపలా వాళ్ళు పేకాటకి కూచునేవారు. పేకాటలో ఉన్నవాడికి కట్టుకున్న పెళ్ళామే గుర్తుండదు, ఇక నాంచారయ్య ఏం గుర్తుంటాడు! బళ్ళో పిల్లల చేత మాస్టారు గొంతెత్తి ఎక్కాలు చదివించేవాడు. నాంచారయ్య తల్లి కోటమ్మ అయితే అన్నం తినే వేళే మార్చేసుకుంది. ముద్ద చేతిలోకి తీసుకుంటే కొడుకు గుర్తు రాకుండా ఉండడం ఆవిడ వల్ల కాదు. అందుకని గేదెలు ఇంటికొచ్చే వేళ దాకా ఆగేది. కోడలు సరళ ఆవిడ కోసం ఆగేది. ఇద్దరూ ఎదురెదురుగా కంచాలు పెట్టుకుని కూచునేవారు.

"ఇప్పుడు తలుచుకోవచ్చా అమ్మాయ్?"

"ఇప్పుడు పరవాలేదత్తయ్యా."

అప్పుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేవారు.

విషయం పెద్దదేం కాదు. నాంచారయ్యకి పొలమారుతుంది, అంతే.

పొలమారడం అందరికీ ఉన్నదే. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి నాలుగు గుక్కల నీళ్ళు తాగిస్తాం. మిగతావాళ్ళ విషయంలో అది ఒకసారి నిజం, ఒకసారి ఉత్తిమాట. నాంచారయ్య విషయంలో ఉత్తిమాట లేదు. ఎవరు ఎక్కడినుంచి తలుచుకున్నా, నోట్లో మెతుకు లేకపోయినా సరే, వాడికి దగ్గు వచ్చి తీరేది. తిట్టుకుంటూ తలుచుకుంటే ముక్కులోకెక్కేది. ప్రేమగా తలుచుకుంటే గుండెల్లోంచి వచ్చేది, ఓ పట్టాన ఆగేది కాదు.

గుడివాడలో ఇంటర్ చదివే రోజుల్లో సెలవులకి ఇంటికొచ్చాడు. తల్లి ఎదురుగానే ఉంది. ఊరి జనమంతా కోతల హడావిడిలో ఉన్నారు. అయినా సాయంత్రమయ్యేసరికి పిల్లాడికి ఒకటే దగ్గు. కోటమ్మ కొన్నాళ్ళు చూసి, "ఎవర్రా ఆ పిల్ల?" అంది. "ఏ పిల్లా లేదమ్మా" అని నోరు తెరిచాడో లేదో, కళ్ళలోంచి నీళ్ళొచ్చేలా పొలమారింది. తల్లి ఇంకో మాట అడగలేదు. సెలవులు అయ్యాక కొడుకు వెంట తనూ గుడివాడ వెళ్ళింది. కాలేజీ పిల్లలు ఎక్కే ముదినేపల్లి బస్సు ఆగే చోట వాణ్ణి పక్కన కూచోబెట్టుకుంది. వాడు దగ్గినప్పుడల్లా ఏ ఆడపిల్ల మొహం ఎర్రబడుతోందో చూసింది. సరళ అలా దొరికింది. తర్వాత పెళ్ళిచూపులని పేరుకి జరిపారు గానీ, అడగడానికి ఎవరి దగ్గరా ప్రశ్న మిగల్లేదు.

మిలటరీలోకి వెళ్ళడం కూడా అనుకుని చేసిన పని కాదు. బందరులో సెలక్షన్లు పెడితే స్నేహితుడికి తోడు వెళ్ళాడు. పరుగులో స్నేహితుడు కళ్ళు తిరిగి పడిపోయాడు, తోడు వెళ్ళినవాడు సెలెక్టయ్యాడు. డాక్టర్లు గుండెలు పరీక్ష చేసే రోజున కోటమ్మ పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, "ఇవాళ మావాడి ఊసు ఎవరన్నా ఎత్తారా, మీకూ నాకూ చెల్లు!" అని చెప్పి వచ్చింది. ఊరు మాట నిలబెట్టుకుంది. నాంచారయ్య ఊపిరితిత్తులు ఉక్కులా ఉన్నాయని డాక్టర్లు రాశారు.

పటాలంలో వాళ్ళకీ కొన్నాళ్ళకి అలవాటైపోయింది. వాడు దగ్గితే, "ఇంటినుంచి ఫోనొచ్చింది రోయ్" అనేవారు. పక్క మంచం యాకోబు, బాపట్ల వైపు కుర్రాడు, ఆ దగ్గుని బట్టి తలుచుకున్నది తల్లో పెళ్ళామో చెప్పేసేవాడు. చాలాసార్లు కరెక్టే అయ్యేది.

పెళ్ళయిన ఏడాదికి ఆ పటాలాన్ని ఆఫ్రికా పంపారు. అక్కడ ఒక దేశంలో జనం రెండుగా చీలి కొట్టుకుంటుంటే, నాలుగు దేశాల సైన్యాలు నీలం టోపీలు పెట్టుకుని మధ్యలో నిలబడ్డాయి.

రెల్లుతిప్పలో ఫోను ఉన్నది ఒక్క సీతారామయ్య ఇంట్లోనే. ఆయన నాంచారయ్యకి పెదనాన్న. డెబ్భై ఏడు ఉప్పెనలో తమ్ముడు కొట్టుకుపోతే, కోటమ్మ కడుపులో ఉన్న బిడ్డని తన బిడ్డేనని నలుగురిలో చెప్పి, చెప్పినట్టే పెంచాడు. ఆఫ్రికా నుంచి మొదటి ఫోను ఆయన ఇంటికే వచ్చింది.

"అమ్మా, ఇక్కడ తెల్లారేసరికి మనకి మధ్యాహ్నం అవుద్ది. మేం తెల్లవారుజామున గస్తీకి వెళ్తాం. గడ్డిలో పడుకోవాలి. ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. ఆ టైములో నన్ను తలుచుకోబాకండి."

"తలుచుకోకుండా ఎట్టా ఉంటార్రా?"

"డాక్టరు పరీక్ష రోజు ఉన్నారుగా!"

"అది ఒక్కరోజు, సన్నాసీ!"

"ఇదీ ఎన్నాళ్ళో కాదమ్మా. వచ్చేస్తాగా."

సరళ ఫోను అందుకుంది. "అసలు ఎవరికీ ఎవరికీ అండీ ఈ యుద్ధం?"

"వాళ్ళకీ వాళ్ళకీనే. మొన్నటిదాకా ఒకళ్ళింట్లో పెళ్ళికి ఒకళ్ళు వెళ్ళినోళ్ళే."

"మరి మధ్యలో మీరేం చేస్తారు?"

"బియ్యం లారీలు వెళ్ళే రోడ్డు ఉంది. దాన్ని కాస్తాం. లారీ ఆగితే ఆ వెనకాల ఊళ్ళన్నీ పస్తే." మళ్ళీ తనే అన్నాడు, "ఇక్కడా వరే సరళా. మంచి రేగడి. దున్నేవాడు లేక మడులన్నీ తుంగ పట్టిపోయినాయి. చూస్తుంటే చేతులు పీకుతున్నాయి."

ఆ చేతులు ఊరుకోలేదు. రోడ్డు పక్కన ఒక పాడుబడ్డ ఊళ్ళో ఒకే ఒక ముసలమ్మ మిగిలింది. కొడుకుల్లో ఒకడు ఇటు తుపాకీ పట్టాడు, ఒకడు అటు. ఆవిడ మాత్రం రోజూ వంగి తన పొలం చెక్కలో నాలుగు మొక్కలు గుచ్చుకునేది. మడి గట్టుకి గండిపడి నీళ్ళు నిలవడం లేదు. నాంచారయ్య ఒకరోజు తుపాకీ యాకోబు చేతికిచ్చి, బూట్లు విప్పి, మడిలోకి దిగి, బురద ముద్దలు వేసి ఆ గండి పూడ్చాడు. ముసలమ్మ గట్టు మీద నిలబడి చూసింది. వాడి భాష ఆవిడకి రాదు, ఆవిడ భాష వాడికి రాదు. గట్టు వేయడం చూస్తే వీడు రైతుబిడ్డేనని మాత్రం తెలిసింది. ఉడికించిన కంద లాంటి దుంప ఒకటి చేతిలో పెట్టింది.

ఇక్కడ, ఇంటి దగ్గర, సీతారామయ్యకి ఒక కోరిక పుట్టింది. ఊరిమీద ప్రేమతోనో కొడుకుమీద ప్రేమతోనో ఏదో ఒకటి చేయకుండా ఉండలేని మనిషి. బస్టాపులో పెద్ద బోర్డు పెట్టించాలనుకున్నాడు. కోడూరు ఆర్టిస్టు చేత నాంచారయ్య బొమ్మ నీలం టోపీతో గీయించాడు. కింద 'ప్రపంచ శాంతికి మా ఊరి బిడ్డ' అని రాయించాడు. బొమ్మలో మీసం కొంచెం ఎక్కువైంది గానీ పోలిక వచ్చింది.

బోర్డు పెట్టడం తప్పు కాదు. ముహూర్తం పెట్టడమే కొంప ముంచింది. మంచిరోజు చూడమంటే పురోహితుడు వెంకటసుబ్రహ్మణ్యం గారు పంచాంగం తిరగేసి, ఆ నెలలో ఏదీ కుదరడం లేదన్నాడు. సీతారామయ్యకి ఆగే ఓపిక లేదు. "అభిజిత్తు ఉందిగదండీ! దానికి ఏ దోషమూ అంటదుగా" అన్నాడు. నిజమే, అభిజిల్లగ్నానికి దోషం లేదు. కాకపోతే అది సరిగ్గా నడిమధ్యాహ్నం వస్తుంది. మంచి ముహూర్తం దొరికిన సంబరంలో ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. అత్తాకోడళ్ళలో ఒక్కరున్నా తట్టి ఉండేది. వాళ్ళిద్దరూ సరళ తల్లికి ఒంట్లో బాగాలేదని ముదినేపల్లి వెళ్ళారు.

ఆ రోజు కోడూరు నుంచి పెద్దలొచ్చారు. మైకు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి బోర్డు మీద గుడ్డ తీశారు. ఊరు ఊరంతా, పక్క ఊళ్ళ వాళ్ళతో కలిపి, ఒక్కసారిగా తలెత్తి ఆ మొహాన్ని చూసింది. ఎంత ప్రేమగా చూసిందో చెప్పలేం. చప్పట్లు కొట్టారు. కొందరు ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అక్కడ అప్పుడే తెల్లారుతోంది. నాంచారయ్య, యాకోబు, ఇంకా నలుగురు రోడ్డుపక్క గడ్డిలో బోర్లా పడుకుని ఉన్నారు. లారీలని దోచుకోడానికి బయల్దేరిన సాయుధులు వాళ్ళ పక్కనుంచి, మనిషి చేయి చాస్తే తగిలేంత దగ్గరగా, నడిచి వెళ్తున్నారు. వాళ్ళు తమకి మూడింతలు. మాట్లాడకుండా పోనిస్తే లారీలని వెనకే ఆపేయొచ్చు. అప్పుడు వచ్చింది దగ్గు. నాంచారయ్య రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. మట్టి కరిచాడు. ఒక మనిషి తలపు అయితే ఆపగలడు గానీ, ఇంతమందిని ఎలా ఆపుతాడు? కళ్ళు ఎర్రబడి, మొహం నల్లబడి, యాకోబు వైపు ఒకసారి చూశాడు. లేచి, మిగతావాళ్ళకి దూరంగా, పాడుబడ్డ మడుల్లోకి పరిగెత్తాడు. దగ్గుతూనే పరిగెత్తాడు. తుపాకులన్నీ ఆ దగ్గు వెనక పడ్డాయి. గడ్డిలో ఉన్న ఐదుగురికీ గీత కూడా పడలేదు.

ముదినేపల్లి నుంచి తిరిగొచ్చి బస్సు దిగిన సరళకి ముందు బోర్డు కనిపించింది. బొమ్మ మెళ్ళో పూలదండ ఇంకా వాడలేదు. "ఎప్పుడు పెట్టారు మావయ్యగారూ ఇది?" అని అడిగింది. సీతారామయ్య నవ్వుతూ ముహూర్తం చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆయన మాట ఆగిపోయింది. కోటమ్మ రోడ్డు మీదే చతికిలబడింది.

మర్నాడు యాకోబు ఫోను చేసి జరిగింది చెప్పాడు. "మనిషి కనబడలేదక్కా. వెతుకుతున్నాం. ఏ సంగతీ తెలీడం లేదు."

ఆ రోజు నుంచి రెల్లుతిప్ప నాంచారయ్యని పూర్తిగా తలుచుకోవడం మానేసింది. పగలూ లేదు, రాత్రీ లేదు. ఎక్కడ దాక్కున్నాడో, ఎవరు వింటారోనని భయం. బోర్డు మీద గోనెపట్టా కప్పేశారు. వాడి పేరు నోట్లోకి వస్తే మింగేసేవారు. కోటమ్మ పొద్దున లేస్తే పనిలో పడేది, రోలు ఖాళీగా ఉన్నా రోకలి వేసేది. సరళ వాడి చొక్కాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళం చెవి చెరువులోకి విసిరేసింది. ఆ ఇంట్లో ఏడుపు వినిపించలేదు. ఏడవాలంటే ముందు తలుచుకోవాలి కదా!

నెల గడిచింది. ఒకరోజు సీతారామయ్య వచ్చి అరుగు మీద కూచున్నాడు. ఆయన బాగా చిక్కిపోయాడు.

"ఇట్టా ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు మరదలితో. "తలుచుకోకూడదు, మరిచిపోకూడదు. మనుషులం బతికే పద్ధతేనా ఇది? అమావాస్య నాడు దర్భబొమ్మ చేయించి దహనం చేసేద్దాం. అప్పుడు నువ్వు కడుపారా ఏడవచ్చు. వాడికేం కాదు. పోయినోళ్ళకి పొలమారదు."

శవం దొరకని వాళ్ళకి దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేయడం దివిసీమకి కొత్త కాదు. ఉప్పెన ఏడాది ఆ గడ్డి బొమ్మలు కట్టీకట్టీ పురోహితుల వేళ్ళు తెగాయి. కోటమ్మ మొగుడికీ అలాగే చేశారు. ఆవిడ ఆ మాటకి కాదనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, "నన్ను ఏడవనివ్వండి బావగారూ" అంది. "ఇక నావల్ల కాదు. ఏడవనివ్వండి."

"నేనొప్పుకోను," అంది సరళ.

"నువ్వు చిన్నపిల్లవమ్మా..."

"చిన్నదాన్నే. ఆయన నా మొగుడు. తలుచుకుని ఒకసారి ప్రాణం మీదికి తెచ్చారు. ఇప్పుడు గడ్డి బొమ్మ తగలేసి పూర్తిగా చంపుతారా?"

ఆ మాటకి సీతారామయ్య లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. కానీ పని ఆపలేదు. తన వల్ల పోయిన బిడ్డకి ఆ మాత్రం చేయకపోతే తను మనిషినే కాదనుకున్నాడు. పురోహితుడికి కబురు పెట్టాడు, వంటవాళ్ళని మాట్లాడాడు, చుట్టాలకి చెప్పించాడు. ఊళ్ళో పెద్దలు కూడా సరళనే మందలించారు. పుట్టింటివాళ్ళొచ్చి, "అందరితో పాటు నడుచుకోవే" అన్నారు.

ఒక్క దైవాధీనం అనే ఆయన మాత్రం వేరే మాట చెప్పాడు. ఆయన ఉప్పెనలో కొట్టుకుపోయి, ఎక్కడో ఒడ్డెక్కి, జ్వరం తగ్గాక నడుచుకుంటూ ఊరికొచ్చిన మనిషి. వచ్చేసరికి ఇంట్లోవాళ్ళు ఆయన బొమ్మని దహనం చేసి పెదకర్మ భోజనాలు కూడా కానిచ్చేశారు. ఇప్పుడు ముసలాడయ్యాడు. సరళ దొడ్లో గేదెకి గడ్డి వేస్తుంటే కర్ర పొడుచుకుంటూ వచ్చి కంచె అవతల నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఒక మాట. నాకు ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా పొలమారలేదు."

సరళ తల తిప్పి చూసింది.

"మా ఆవిడ నన్ను తలుచుకోలేదా? పిల్లలు తలుచుకోలేదా? తలుచుకునే ఉంటారు. నాదాకా రాలేదు. ఆ బొమ్మ కాలిస్తే ఏదో తెగిపోద్దమ్మా. ఎదురుగా కూచుని అన్నం పెట్టినా పరాయింట్లో తిన్నట్టే ఉంటది. బతికినోడికి చేయకూడని పని అది. చేయనియ్యబాక."

ఆయన మాటతో ఇంతకాలం బిగబట్టుకున్నది కాస్తా తెగి, గడ్డిమోపు మీద కూచుని సరళ భోరున ఏడ్చింది. ఏడుస్తూ కూడా మొగుణ్ణి తలుచుకోకుండా ఏడ్చింది. దైవాధీనం కోసం ఏడ్చింది.

అమావాస్య ఇంకా ఎల్లుండి ఉందనగా యాకోబు మళ్ళీ ఫోను చేశాడు. సీతారామయ్య ఇంట్లో ఎవరూ సరళకి ఎదురు చెప్పే ధైర్యం చేయలేదు, ఫోను ఇచ్చేశారు.

"అక్కా, మా పటాలం ఆ రోడ్డు వదిలేసి వెనక్కి వచ్చేస్తోంది. ఎల్లుండి తెల్లారుతూనే ఆఖరిసారి ఆ ఊళ్ళ మీదుగా నడుస్తాం. ఆ తర్వాత అటు వెళ్ళేవాళ్ళు ఉండరు."

"తెల్లారేసరికంటే ఇక్కడ భోజనాల వేళ."

"అవునక్కా."

"తమ్ముడూ, మాట్లాడుకోకుండా నడవండి. అడుగు కూడా మెత్తగా వెయ్యండి. చెవులు రోడ్డు పక్కకి పెట్టండి."

యాకోబు గొంతు తగ్గించి అన్నాడు. "వాళ్ళు కూడా అక్కడే తిరుగుతున్నారక్కా. దగ్గు వాళ్ళకి ముందు వినబడితే?"

"ఎవరికీ వినబడకపోతే?" అంది సరళ.

అమావాస్య నాటి పొద్దున సీతారామయ్య పెరట్లో పందిరి వేశారు. గారెలకి పప్పు నానబోశారు. పందిరి కింద పీట మీద వెంకటసుబ్రహ్మణ్యం గారు కట్టిన దర్భబొమ్మ పడుకుని ఉంది. సరళ ఎర్ర చీర కట్టుకుని, నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, నెత్తిన రొయ్యల గంప ఎత్తుకుని వచ్చింది. తెల్లారుజామునే చెరువు కాపలా వాళ్ళని లేపి పట్టించుకొచ్చిన రొయ్యలు, ఇంకా మీసాలు ఆడిస్తున్నాయి. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి గంప దించింది. వంటవాళ్ళు పక్కకి జరిగారు. ఉల్లిపాయలు వేయించి, చింతచిగురు నలిపి పోసి, పెద్ద గుండిగలో రొయ్యలు ఇగర పెట్టింది. కర్మ జరిగే ఇంట్లో రొయ్యల వాసన గుప్పుమంది.

"ఏంటమ్మా ఈ అఘాయిత్యం!" అని సీతారామయ్య పరిగెత్తుకొచ్చాడు.

"ఆయనకి ఇష్టమని వండుతున్నా మావయ్యగారూ. గారెలు ఆయనకి పడవు."

సీతారామయ్య పురోహితుడి వైపు చూశాడు. వెంకటసుబ్రహ్మణ్యం గారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నీచు ఉడికాక ఇక కర్మేవిటండీ, ఇవాళ్టికి అయిపోయింది" అన్నాడు. కోపంగా అనబోయాడు గానీ కోపం రాలేదు. తన చేత్తో కట్టిన ముడులని తనే ఒక్కొక్కటీ విప్పాడు. విప్పితే గుప్పెడు గడ్డి. అది చంకలో పెట్టుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

చుట్టాలు, ఊళ్ళోవాళ్ళు వరసల్లో కూచున్నారు. విస్తళ్ళు వేశారు. అన్నం మీద రొయ్యల ఇగురు పడింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. సరళ పంక్తి మధ్యలో నిలబడింది.

"ఇవాళ మీరందరూ ఆయన్ని తలుచుకోవాలి," అంది. "మనసులో దాచుకున్నదంతా తీసి తలుచుకోండి. మీ పొలంలో మామిడికాయలు దొంగిలించినవాడు కదా, అదే తలుచుకోండి. మీ గేదెని కాలవలోంచి లాగాడు, అది తలుచుకోండి. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. చచ్చిపోయాడని మాత్రం ఎవరూ తలుచుకోవద్దు. అట్టా తలుచుకునేవాళ్ళు నా అన్నం ముట్టొద్దు, లేచి వెళ్ళండి."

ఒక్కరూ లేవలేదు. కోటమ్మ అడిగింది. "మనం తలుచుకోబట్టే కదే పిల్లా వాడు..."

"ఆఁ. మనం తలుచుకోబట్టే దొరకాలి."

కోటమ్మ కోడలి మొహంలోకి చూసింది. సీతారామయ్య ఇంకా స్తంభం పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆవిడ ఆయన్ని చేయి పట్టి లాగి తన పక్కన కూచోబెట్టుకుంది. "ముందు నేను," అంది. "కన్నది నేను." ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నెలరోజులుగా మింగుతూ వచ్చిందంతా ఆ ముద్ద వెనకాల కదిలి వచ్చింది. రెండో ముద్ద సీతారామయ్య తిన్నాడు. తర్వాత పందిరంతా తింది.

అక్కడ ముసలమ్మ ఇంట్లో, గాదె వెనకాల, నాంచారయ్య ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. తొడలో తూటా, ఒళ్ళంతా జ్వరం. ఆ రోజు మడిగట్టు మీద పడిపోతే ఆవిడే ఈడ్చుకొచ్చి దాచింది. రోజూ గంజి పోసింది. నీలం టోపీలు రోడ్డు మీద వెళ్ళడం కిటికీలోంచి చూసేది గానీ పిలవలేకపోయింది. వాళ్ళు వెళ్ళిపోతారు, రాత్రికి అవతలివాళ్ళు వస్తారు, పిలిచిన చేతిని నరుకుతారు. ఆ చేతితోనే రేపు నారు గుచ్చాలి.

ఆ పొద్దున రోడ్డు మీద అడుగులు వినిపించాయి, ఎవరివో తెలియలేదు. సరిగ్గా అప్పుడు దగ్గు మొదలైంది. ముసలమ్మ గబుక్కున వచ్చి నోటి మీద చేయి అడ్డం పెట్టింది. చేతి కింద మనిషి ఎగిరెగిరి పడుతున్నాడు. ఇన్నాళ్ళూ పీనుగులా పడున్నవాడు కళ్ళు తెరిచాడు. ఆవిడ ఇంకా గట్టిగా నొక్కింది. దగ్గు ఆగలేదు. రెల్లుతిప్పలో సరళ అప్పుడే, "మారు వడ్డించండి! ఎవరూ లేవొద్దు!" అని కేక వేస్తోంది.

ఎంత బలంగా నొక్కినా లోపలినుంచి ఎవరెవరో తోస్తున్నట్టు ఉంటే, ముసలమ్మకి విసుగొచ్చిందో తెగింపే వచ్చిందో, చేయి తీసేసింది. తీసి ఊరుకోలేదు. తలుపు బార్లా తెరిచి, గడప దాటి వెళ్ళి, ఎవరైతే వాళ్ళే కానీ అని రోడ్డు మధ్యలో నిలబడింది.

ముందు నడుస్తున్నది యాకోబు. అతనికి ముసలమ్మ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ దగ్గు అతనికి తెలుసు. అంతమంది కలిసి తలుచుకుంటే వచ్చే దగ్గు ఇంతకుముందు ఒకే ఒక్కసారి విన్నాడు. లోపలికి పరిగెత్తాడు. ముసలమ్మ కూడా ఇక అక్కడ ఉండదలుచుకోలేదు. మూట కట్టుకుని, స్ట్రెచర్ పక్కన నడుచుకుంటూ వాళ్ళతో పాటే వెళ్ళింది.

ఇవేవీ రెల్లుతిప్పకి తెలియవు. సాయంత్రమైంది, గుండిగ ఖాళీ అయింది, ఫోను మోగలేదు. ఇళ్ళకి వెళ్ళబోతున్నవాళ్ళని సరళ ఆపింది. ఆపి నాంచారయ్యని తలుచుకోవడానికి వంతులు వేసింది, వేసవిలో కాలవ నీటికి వంతులు వేసుకున్నట్టే. ఈ వీధి వాళ్ళు ఇప్పటినుంచి దీపాల వేళ దాకా, ఆ వీధి వాళ్ళు మొదటి కోడి కూసేదాకా. వంతు తప్పితే ఊరుకోదని అందరికీ తెలుసు. నీళ్ళ వంతుకి గొడవలు పడే ఊరు ఆ వంతుకి ఒక్క గొడవా పడలేదు. దైవాధీనం తన వంతు అయిపోయాక పక్కింటివాళ్ళ వంతు కూడా తనే చేశాడు.

మూడోనాడు మధ్యాహ్నం ఫోను మోగింది. సీతారామయ్య ఎత్తి, విని, సరళ చేతికి ఇచ్చాడు.

"సరళా," అంది అటువైపు గొంతు. గొంతు అనడానికి అందులో ఏమీ మిగల్లేదు, గీరుకుపోయి ఉంది. "ఏంటే ఈ చంపడం? నాకు క్షయ అనుకుని ఇక్కడి డాక్టర్లు వేరే గదిలో పడేశారు. తొడలో కుట్లు నిలవడం లేదు. మూడు రోజుల్నించి కన్ను మూయనీయలేదు. ఆపమని చెప్పవే వాళ్ళని."

సరళ ఫోను చెవికి అదుముకుంది. ఊరంతటికీ వినిపించేలా అంది.

"ఆపం. గుమ్మంలోకొచ్చి నిలబడి చెప్పండి, అప్పుడు ఆపుతాం."

అవతల వాడేదో అనబోయాడు, దగ్గు అడ్డం పడింది. సరళ వెనక్కి తిరిగి చూసింది. కోటమ్మ గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి కూచుని ఉంది. అది ఆవిడ వంతు కాదు.